డ్రిల్లర్ చెప్పిన 43 మీటర్లు: బోరు ఫలితాల నుంచి చమురు షేల్ మందం అంచనా కట్టడం ఎలా

డ్రిల్లర్ పుస్తకంలో ఒక వరుస కనిపిస్తుంది: "412 నుంచి 455 వరకు నల్ల షేల్." షేల్ అంటే పొరలుపొరలుగా చీలే బురదరాయి. తీసివేత చేస్తే 43. ఆ 43ను అలాగే నివేదికలోకి ఎక్కించి, పటం గీసి, దాని మీదే చమురు నిల్వ లెక్కకట్టినవాళ్లను నేను చూశాను. డ్రిల్లర్ అబద్ధం రాయలేదు. బోరు ఎంత పొడవున నల్లరాతిలో నడిచిందో రాశాడు, అతని పని అంతవరకే. అందులో చమురున్న రాయి ఎంత, పొర వాలి ఉంటే దాని అసలు మందం ఎంత, మధ్యలో పనికిరాని రాయి ఎంత అన్నది తేల్చవలసింది మీరు.

ఆ ఒక్క వరుసనే పట్టుకుని చివరిదాకా వెళదాం. ఈ బోరు అంకెలు లెక్క చూపడానికి నేను కల్పించినవి. పద్ధతి మాత్రం ఏ బోరుకైనా ఇదే.

ముందు మీ షేల్ ఏ రకమో తేల్చుకోండి

చమురున్న షేల్ అనే మాట కింద రెండు వేర్వేరు రాళ్లు దాగి ఉన్నాయి. మొదటిదానిలో ద్రవరూపంలో చమురు ఉండదు, కెరోజెన్ అనే ఘన సేంద్రియ పదార్థం ఉంటుంది. రాతిని సుమారు 500 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తేనే అది చమురుగా మారుతుంది. అమెరికాలోని గ్రీన్ రివర్ రాళ్లు, ఈస్టోనియాలోని కుకెర్సైట్ ఈ కోవలోవి. రెండోదానిలో ఆ పనిని భూమే కోట్ల ఏళ్ల కిందట చేసిపెట్టింది. చమురు రాతి సూక్ష్మరంధ్రాల్లో ఇరుక్కుని ఉంటుంది. అమెరికాలోని బకెన్, ఈగల్ ఫోర్డ్ అలాంటివి.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ఏ మీటరును లెక్కలో చేర్చుకోవాలన్నది దీన్నిబట్టే మారుతుంది. మొదటి రకంలో టన్ను రాతికి ఎన్ని లీటర్ల చమురు దిగుతుందన్నదే కొలబద్ద. రెండో రకంలో సేంద్రియ కార్బన్ శాతం, రాయి ఎంత పరిపక్వమైంది (కెరోజెన్ వేడికి ఎంతవరకు చమురుగా మారింది), కదలగల చమురు ఎంత ఉంది అనేవి కలిపి చూడాలి. బకెన్‌లోనైతే పైనా కిందా నల్ల షేల్, మధ్యలో డోలమైట్, సిల్ట్ కలిసిన రాయి. ఉత్పత్తిలో పెద్ద వాటా ఆ మధ్య రాతిదే. అక్కడ నల్లరాయి మందం కొలిచి ఊరుకుంటే అసలు సరుకును వదిలేసినట్టే.

నా ఉదాహరణ మొదటి రకానిది.

సున్నా ఎక్కడ ఉందో అడగండి

చిన్న పని, కానీ మొదట చేయవలసిన పని. డ్రిల్లర్ లోతును నేల మట్టం నుంచి కొలిచి ఉండవచ్చు. లాగ్ (బోరులోకి సాధనాలు దించి, లోతు వెంబడి రాతి గుణాలు కొలిచి గీసిన గీతలు) తీసినవాళ్లు రిగ్ వేదిక నుంచి కొలిచి ఉండవచ్చు. మన బోరులో వేదిక నేలకు 1.2 మీటర్ల ఎత్తున ఉంది. అంటే డ్రిల్లర్ చెప్పే 412, లాగ్‌లో 413.2 దగ్గర కనిపిస్తుంది. ఒక అంచును డ్రిల్లర్ పుస్తకం నుంచి, రెండో అంచును లాగ్ నుంచి తీసుకుంటే మందంలో మీటరుకు పైగా తప్పు వచ్చి కూర్చుంటుంది. ఆ తప్పు తర్వాత ఎవరికీ దొరకదు.

అన్నిటినీ లాగ్ లోతుకు మార్చుకోవడం మంచిది. కోర్ (బోరు నుంచి స్తంభంలా కోసి తీసిన రాయి) మీద కూడా గామా (రాతి సహజ రేడియోధార్మికత) కొలిస్తే, ఆ గీతను బోరు గామా గీత పక్కన పెట్టి శిఖరాలు కలిసేదాకా జరపవచ్చు. ఎంత జరిపారో పక్కన రాసిపెట్టుకోండి. లోతు పెరిగేకొద్దీ ఈ జరుపుడు మారవచ్చు కాబట్టి ఒక్క చోట చూసి మొత్తానికీ అదే వర్తింపజేయకండి.

కోర్ పెట్టెల ముందు కూర్చోండి

కంప్యూటర్ ముందు ఎన్ని గంటలు గడిపినా కోర్ ముందు గడిపిన ఒక పూటకు సాటిరాదు. ఇది నా మొండి అభిప్రాయం.

ముందుగా పెట్టెల వరుస, పెట్టెలో కోర్ ముక్కల వరుస సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. ఒకసారి ఒక పెట్టెలో రెండు వరుసలు తారుమారయ్యాయి. లోతు గుర్తు చెక్కలు సరిగ్గానే ఉన్నాయి, ముక్కలు మాత్రం తిరగబడ్డాయి. విరిగిన అంచులు ఒకదానికొకటి అతకడం లేదన్న అనుమానంతో సరిచూస్తే బయటపడింది. పక్కపక్క ముక్కల విరుపులు పళ్లు కలిసినట్టు కలవాలి. కలవకపోతే మధ్యలో రాయి పోయిందని గానీ, వరుస తప్పిందని గానీ అర్థం.

తర్వాత రంగు. కోర్ తడిగా ఉన్నప్పుడు ఏ బురదరాయి అయినా నల్లగానే కనిపిస్తుంది. మన బోరులో డ్రిల్లర్ 455 వరకు షేల్ అన్నాడు, అంటే లాగ్ లోతులో 456.2. కోర్ ఆరాక చూస్తే 454.1 కింద రాయి బూడిదరంగుకు తేలింది. సేంద్రియ పదార్థం లేని ఉత్త బంకరాయి అది. 2.1 మీటర్లు అక్కడే పోయాయి. ఆరబెట్టి, పగటి వెలుతురులో, మళ్లీ చూడండి.

కెరోజెన్ దండిగా ఉన్న రాతికి కొన్ని లక్షణాలు ఉన్నాయి. చేతిలోకి తీసుకుంటే పరిమాణానికి తగ్గ బరువు ఉండదు. సుత్తితో కొడితే రాయి ఖణేల్మనదు, చెక్కను కొట్టినట్టు మొద్దుగా మోగుతుంది. గరుకు పలక మీద గీస్తే గోధుమరంగు గీత పడుతుంది. బాగా సారమున్న ముక్కను పదునైన కత్తితో చివ్వితే పొడిపొడిగా రాలకుండా సన్నటి చివ్వు చుట్టుకుంటూ వస్తుంది. గ్రీన్ రివర్‌లోని ప్రసిద్ధమైన మహాగనీ పొరకు ఆ పేరు వచ్చింది కూడా నునుపు చేసిన ముఖం మహాగనీ చెక్కలా కనిపిస్తుందనే. ఇవేవీ పరీక్షకు బదులు కావు. నమూనా గీతలు ఎక్కడ గీయాలో మాత్రం ఇవే చెబుతాయి.

ఇక పోయిన కోర్ సంగతి. చాలా పొరపాట్లు ఇక్కడే పుడతాయి కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం. మన బోరులో 438.6 నుంచి 441.6 వరకు ఒక దఫా కోర్ తీశారు. 3 మీటర్లకు 2.4 మీటర్లే చేతికొచ్చింది, 0.6 మీటరు మాయం. వచ్చిన 2.4లో పై 1.5 మీటర్లు సారవంతమైన షేల్, కింది 0.9 మీటరు నాసిరకం. పోయిన ముక్క ఎక్కడిది? మామూలుగా పోయినదంతా దఫా అడుగున పోయిందని రాసేస్తారు. అలాగైతే మంచి షేల్ 440.1తో ఆగిపోతుంది. కానీ మంచి షేల్ లోంచే పోయి ఉంటే అంచు 440.7 దాకా జరుగుతుంది. ఊహతో తేల్చకండి. సాంద్రత లాగ్ చూడండి. మన బోరులో సాంద్రత 440.1 దగ్గర పెరిగింది. కాబట్టి పోయింది నాసిరకమే. ఇందులో వింత లేదు. కెరోజెన్ ఎక్కువున్న రాయి గట్టిగా, కాస్త సాగే గుణంతో ఉంటుంది. బంకమన్ను పాలు ఎక్కువున్నది పొరలుపొరలుగా చిట్లిపోతుంది.

లాగ్ లేకపోతే? పోయిన మేరకు పై అంకె, కింది అంకె రెండూ రాయండి. పక్క నమూనాల సగటును ఖాళీలోకి ఎత్తిపోయకండి. మంచి రాయి నిలిచి, చెడ్డ రాయి రాలిపోయిన చోట అలా నింపితే లేని సరుకును ఉన్నట్టు చూపించడమే అవుతుంది.

చివరగా, పొరల కోణం. కోర్ అక్షానికీ పొరల తలానికీ మధ్య కోణాన్ని పది పన్నెండు చోట్ల కొలవండి. మన బోరులో అది 70 డిగ్రీలు. దీని అవసరం కాసేపట్లో వస్తుంది.

కోర్ లేదు, రాతి తునకలే ఉన్నాయంటే

అన్వేషణ బోర్లలో చాలావాటికి మొత్తం లోతున కోర్ తీయరు. తవ్వేటప్పుడు బోరులో తిప్పే బురదతోపాటు పైకొచ్చే తునకలే ఆధారం. ఇక్కడ ఒక్క సూత్రం గుర్తుంచుకోండి: మొదటిసారి కనిపించడాన్ని నమ్మండి, కనుమరుగవడాన్ని నమ్మకండి. షేల్ తునకలు తొలిసారి ఏ లోతులో వచ్చాయో అది పై అంచుకు దగ్గరగా ఉంటుంది. బిట్ (రాతిని తొలిచే మొన) కింది పొరలోకి వెళ్లాక కూడా పై గోడల నుంచి షేల్ రాలుతూనే ఉంటుంది. అందుకే కింది అంచు అసలుకన్నా లోతుగా కనిపిస్తుంది. కింది రాయి తునకలు తొలిసారి ఎప్పుడు కనిపించాయో అదే మీకు షేల్ అడుగు.

తునకలు పైకి రావడానికి పట్టే సమయాన్ని సరిదిద్దారో లేదో కూడా అడిగి తెలుసుకోండి. గంటకు 12 మీటర్లు తవ్వుతున్నప్పుడు బురద పైకి రావడానికి అరగంట పడితే, చేతిలో ఉన్న తునక ఇప్పటి బిట్ కంటే 6 మీటర్ల పైది. నమూనాలు ప్రతి 3 మీటర్లకో 5 మీటర్లకో ఒకటి పట్టి ఉంటే అంచు తెలిసేది ఆ మేరకే. 5 మీటర్ల ఎడంతో పట్టిన నమూనాల నుంచి 17.4 మీటర్ల మందం అని దశాంశం దాకా రాయడం అతి. బురదలో డీజిల్ లాంటి నూనె కలిపి ఉంటే తునకల మీది మెరుపును, వాసనను సాక్ష్యంగా తీసుకోకండి.

లాగ్‌ల మీద అంచులు గుర్తించండి

కెరోజెన్ తేలిక. దాని సాంద్రత నీటికి దగ్గరగా ఉంటుంది. చుట్టూ ఉన్న ఖనిజాలది ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాముల చుట్టుపక్కల. అందువల్ల సారవంతమైన షేల్ ఎదుట సాంద్రత పడిపోతుంది, ధ్వని ప్రయాణ సమయం పెరుగుతుంది, విద్యుత్ నిరోధకత సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. సముద్రంలో ఏర్పడిన షేల్‌లో యురేనియం సేంద్రియ పదార్థంతో చేరి ఉంటుంది కాబట్టి గామా కూడా ఎగబాకుతుంది. సరస్సుల్లో ఏర్పడిన షేల్‌లో గామా మీద అంత భరోసా పెట్టుకోకూడదు. అక్కడ మంచి పొర ఎదుట గామా మౌనంగా ఉండిపోవచ్చు.

అంచు ఎక్కడ గీయాలి? లాగ్ గీత ఒక్కసారిగా మారదు, వాలుగా మారుతుంది. ఆ వాలులో సగం ఎత్తు దగ్గర అంచు పెట్టండి. సాంద్రత 2.5 నుంచి 2.1కు దిగుతుంటే 2.3 దగ్గర. ఒక బోరులో శిఖరం దగ్గర, మరో బోరులో పాదం దగ్గర గీస్తే బోర్ల మధ్య పోలికే చెడిపోతుంది. సాధనం చూపుకు హద్దు ఉందన్నది కూడా మరవకండి. 10 సెంటీమీటర్ల సున్నపురాయి పొరలు లాగ్‌లో కరిగిపోయి, షేల్ కాస్త నాసిరకంగా ఉన్నట్టు మాత్రమే కనిపిస్తాయి. ఈస్టోనియా కుకెర్సైట్ పొరల మధ్య సున్నపురాయి అలాగే అడ్డం పడి ఉంటుంది. అలాంటి చోట కోర్ తీయక తప్పదు.

సాంద్రత పడిందని సంబరపడే ముందు పక్కనే ఉన్న క్యాలిపర్ (బోరు వ్యాసం కొలిచే సాధనం) గీత చూడండి. బోరు గోడ కూలి గుంత పడిన చోట సాంద్రత సాధనం రాతికి ఆనదు. అది కొలిచేది చాలావరకు బురదను. బురద సాంద్రత తక్కువ కాబట్టి అది అచ్చం మంచి షేల్‌లా నటిస్తుంది.

రెండో రకం షేల్ అయితే పాసీ, ఆయన సహచరులు 1990లో ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. ధ్వని గీతను, నిరోధకత గీతను ఒకదానిమీద ఒకటి పెడతారు. సేంద్రియ పదార్థం లేని మామూలు షేల్ దగ్గర రెండూ కలిసేలా సర్దుతారు. అవి విడిపోయిన చోటే సరుకు. లెక్క ఇలా: నిరోధకత మామూలు షేల్‌లో 4, సరుకున్న షేల్‌లో 40 అనుకోండి. పది రెట్లు కాబట్టి దాని లాగరిథమ్ 1. ధ్వని సమయం అడుగుకు 80 మైక్రోసెకన్ల నుంచి 100కు పెరిగింది. ఆ 20ని 0.02తో గుణిస్తే 0.4. రెండూ కలిపితే 1.4. పరిపక్వత సూచిక 10 అయితే గుణకం 4.06, సేంద్రియ కార్బన్ సుమారు 5.7 శాతం. ఈ అంకెను కోర్ నమూనాల ఫలితంతో సరిచూడకుండా వాడకండి. పైరైట్ దండిగా ఉన్న రాతిలో నిరోధకత పడిపోయి మంచి షేల్ కూడా పేలవంగా కనిపిస్తుంది.

మన బోరుకు తిరిగి వద్దాం. పై అంచు 413.2, కింది అంచు 454.1. పొడవు 40.9 మీటర్లు.

కటాఫ్ పెట్టండి, 40.9 ఏమవుతుందో చూడండి

కటాఫ్ అంటే ఇంతకన్నా తక్కువ సారమున్న రాతిని లెక్కలోంచి వదిలేసే హద్దు. సారం కొలవడానికి మొదటి రకం షేల్‌కు వాడుకలో ఉన్నది ఫిషర్ పరీక్ష. దంచిన రాయి 100 గ్రాములను మూసిన పాత్రలో నిమిషానికి 12 డిగ్రీల చొప్పున 500 డిగ్రీల దాకా వేడిచేసి, అక్కడ 40 నిమిషాలు ఉంచి, దిగిన చమురును కొలుస్తారు. ఫలితాన్ని టన్నుకు లీటర్లలో గానీ, అమెరికా గ్యాలన్లలో గానీ ఇస్తారు. అమెరికా టన్నుకు 1 గ్యాలన్ అంటే మెట్రిక్ టన్నుకు సుమారు 4.17 లీటర్లు. ప్రయోగశాల పంపిన కాగితం మీద ఏ టన్నో, ఏ గ్యాలనో ముందే చూసుకోండి. నమూనా కట్ చేసేటప్పుడు పొర అంచును దాటించకండి. మంచి రాయి, చెడ్డ రాయి ఒకే సంచిలో పడితే తర్వాత వాటిని ఎవరూ విడదీయలేరు.

మన బోరు ఫలితాలు పై నుంచి కిందికి ఇవి:

413.2 – 419.0: 5.8 మీటర్లు, టన్నుకు 38 లీటర్లు
419.0 – 428.5: 9.5 మీటర్లు, 92 లీటర్లు
428.5 – 429.7: 1.2 మీటర్ల సున్నపురాయి, 8 లీటర్లు
429.7 – 440.1: 10.4 మీటర్లు, 110 లీటర్లు
440.1 – 446.6: 6.5 మీటర్లు, 45 లీటర్లు
446.6 – 450.2: 3.6 మీటర్లు, 71 లీటర్లు
450.2 – 454.1: 3.9 మీటర్లు, 30 లీటర్లు

కటాఫ్ 40 లీటర్లు పెడితే 30 మీటర్లు నిలుస్తుంది. 63 లీటర్లు, అంటే 15 గ్యాలన్లు పెడితే 23.5 మీటర్లు. 104 లీటర్లు, అంటే 25 గ్యాలన్లు పెడితే 10.4 మీటర్లే. రాయి అదే, బోరు అదే. కాబట్టి "మందం ఎంత" అని అడిగినవాళ్లను "ఏ కటాఫ్ మీద" అని తిరిగి అడగండి. అది తప్పించుకోవడం కాదు. కొలరాడోలోని పియాన్స్ బేసిన్‌కు అమెరికా భూవిజ్ఞాన సర్వే వేసిన అంచనాలో కటాఫ్ లేకుండా సుమారు 1.52 లక్షల కోట్ల బ్యారెళ్లు ఉంటే, 15 గ్యాలన్ల కటాఫ్‌తో అది 92,000 కోట్లకు, 25 గ్యాలన్లతో 35,200 కోట్లకు దిగింది. అది కూడా రాతిలో ఉన్న చమురే తప్ప, బయటికి తీయగలిగినది కాదు.

రెండో రకం షేల్‌కు కటాఫ్‌ను ఒకే అంకెతో పెట్టకండి. సేంద్రియ కార్బన్ 2 శాతం దాటాలన్నది చాలామంది వాడే తొలి జల్లెడ. రాతిని వేడిచేసి చూసే రాక్-ఎవాల్ పరీక్షలో ఎస్1 అనేది రాతిలో ఇప్పటికే ఉన్న చమురును చూపుతుంది. గ్రాము సేంద్రియ కార్బన్‌కు అది 100 మిల్లీగ్రాములు దాటితే కదలగల చమురు ఉందని భావిస్తారు. పాత కోర్‌లో తేలిక చమురు ఆవిరైపోయి ఎస్1 తక్కువగా వస్తుంది కాబట్టి నమూనా వయసు కూడా అడగండి.

అడ్డుపొరను కలపాలా, వదలాలా?

23.5 మీటర్లు అన్నది మూడు ముక్కల మొత్తం. తవ్వేవాళ్లు ముక్కలు ముక్కలుగా తవ్వలేరు. 428.5 దగ్గర ఉన్న 1.2 మీటర్ల సున్నపురాయిని విడిగా ఏరడం కుదరకపోతే దాన్నీ కలుపుకుని 419.0 నుంచి 440.1 వరకు ఒకే పొరగా చూడాలి. పొడవు 21.1 మీటర్లు. సగటు సారం ఎంత? పొడవుతో మాత్రమే తూకం వేస్తే 96.1 లీటర్లు వస్తుంది. కానీ టన్నుకు లీటర్లు అన్నది బరువు లెక్క. సున్నపురాయి బరువైనది, మంచి షేల్ తేలికైనది. సాంద్రతలు వరుసగా 2.20, 2.60, 2.15 తీసుకుని తూకం వేస్తే 95.0 వస్తుంది. ఇక్కడ తేడా చిన్నదే. అడ్డుపొరలు ఎక్కువైన చోట అది పెరుగుతుంది, ఎప్పుడూ మీరు ఆశపడే దిక్కుకే పెరుగుతుంది.

మరి కింద 446.6 దగ్గర ఉన్న 3.6 మీటర్లు? దాన్ని అందుకోవాలంటే మధ్యలోని 6.5 మీటర్ల నాసిరకాన్నీ మోయాలి. ఆ రెండూ కలిపిన 10.1 మీటర్ల సగటు 54 లీటర్ల చిల్లర. కటాఫ్ 63 కంటే తక్కువ, కాబట్టి వదిలేయండి. మొత్తం సగటు ఇంకా కటాఫ్ పైనే ఉంది కదా అని కలిపేస్తుంటారు. అది పై పొర బలం మీద కింది పొరను మోయించడం. కొత్తగా కలిపే ముక్క తన కాళ్ల మీద తాను నిలబడగలిగితేనే కలపండి.

వాలును సరిదిద్దండి

బోరు పొరను అడ్డంగా, లంబంగా కోస్తే పొడవే మందం. ఏటవాలుగా కోస్తే పొడవు ఎక్కువ వస్తుంది. ముల్లంగిని అడ్డంగా నేరుగా కోసిన చక్రానికీ, ఏటవాలుగా కోసిన చక్రానికీ ఉన్న తేడా ఇదే.

కోర్ ఉంటే పని సులువు. పొడవును కోర్ కోణం సైన్‌తో గుణించండి. మన కోణం 70, దాని సైన్ 0.94. కాబట్టి 21.1 కాస్తా 19.8 మీటర్లవుతుంది. బోరు నిట్టనిలువుగా ఉందా, పక్కకు ఒరిగిందా అన్న బెంగ ఈ పద్ధతిలో లేదు. కోర్ కోణంలో ఆ రెండూ కలిసే ఉంటాయి.

కోర్ లేక, బోరు ఒరిగి ఉంటే మూడు కోణాలు కావాలి: బోరు ఒరుగు, పొర వాలు, ఆ రెండు దిక్కుల మధ్య తేడా. ఒరుగు కొసైన్‌ను వాలు కొసైన్‌తో గుణించి, అందులోంచి ఒరుగు సైన్, వాలు సైన్, దిక్కుల తేడా కొసైన్ మూడింటి లబ్ధాన్ని తీసేయండి. వచ్చిన అంకెతో పొడవును గుణిస్తే అసలు మందం. 20 డిగ్రీలు వాలిన పొరలో 15 డిగ్రీలు ఒరిగిన బోరు 50 మీటర్లు నడిచిందనుకోండి. వాలు దిక్కుకే ఒరిగితే మందం 41 మీటర్లు. వాలుకు ఎదురుగా ఒరిగితే 49.8. వాలుకు అడ్డంగా ఒరిగితే 45.4. దిక్కు తెలియకుండా కోణం ఒక్కటే తెలిస్తే ఎంత దూరం తప్పుతామో చూడండి.

ఎంత జాగ్రత్త అవసరం అన్నది కూడా కోణమే చెబుతుంది. మన బోరు నిలువుది, కోర్ కోణం 70 కాబట్టి పొర వాలు 20 డిగ్రీలు; ఆ వాలును 3 డిగ్రీలు తప్పుగా కొలిచినా 19.8 మీటర్లు 19.4కూ 20.2కూ మధ్యే కదులుతుంది. అదే 60 డిగ్రీల వాలులో నిలువు బోరు 40 మీటర్లు నడిస్తే, ఆ 3 డిగ్రీల తప్పుతో మందం 18.2 కావచ్చు, 21.8 కావచ్చు. నిలువుకు దగ్గరైన పొరల్లో కోణమే సర్వస్వం. పడుకున్న పొరల్లో కటాఫ్ మీద, పోయిన కోర్ మీద తల బద్దలు కొట్టుకోవడం మేలు.

నిల్వ లెక్కకు ఏ మందం?

ఇక్కడ నేనే ఒకసారి బోల్తా పడ్డాను. పటం మీది వైశాల్యాన్ని అసలు మందంతో గుణించాను. పటం మీది వైశాల్యం అడ్డు తలానిది. దానికి జత నిలువు మందం. వాలిన పొర సొంత వైశాల్యం పటం మీద కనిపించేదానికన్నా ఎక్కువ, దానికి జత అసలు మందం. ఒక జతలోది తీసి ఇంకో జతలో పెడితే వాలును రెండుసార్లు సరిదిద్దినట్టవుతుంది.

మన బోరు నిలువుది కాబట్టి నిలువు మందం 21.1 మీటర్లే. ఒక చదరపు కిలోమీటరు కింద రాయి సుమారు 4.64 కోట్ల టన్నులు. టన్నుకు 95 లీటర్ల చొప్పున దాదాపు 441 కోట్ల లీటర్లు, అంటే 2.77 కోట్ల బ్యారెళ్లు. 19.8తో గుణించి ఉంటే దాదాపు 17 లక్షల బ్యారెళ్లు కాగితం మీదే ఇంకిపోయేవి. గని సొరంగం ఎత్తు నిర్ణయించేవాళ్లకు మాత్రం అసలు మందమే కావాలి. అందుకే రెండు అంకెలనూ వేరువేరు నిలువు వరుసల్లో ఉంచండి.

పక్క బోర్లతో కలిపి చూడండి

ఒక బోరు చెప్పేది దాని చుట్టూ అరచేయంత నేల సంగతి. బోర్ల మధ్య ఒకే పొరను పోల్చడానికి గుర్తు పొర ఒకటి కావాలి. అగ్నిపర్వత బూడిద పొరలు ఇందుకు శ్రేష్ఠం. ఒక్కసారిగా విశాల ప్రాంతమంతా పరుచుకుంటాయి, లాగ్‌లో స్పష్టంగా కనిపిస్తాయి. గుర్తు పొర నుంచి షేల్ అంచుకు దూరం ఒక బోరులో హఠాత్తుగా తగ్గితే, పొర నిజంగా పలచబడిందని వెంటనే రాసేయకండి. సాధారణ భ్రంశం (రాతి పొరలు విరిగి జారిన చీలిక) బోరును దాటితే పొరలో ఒక ముక్క కనబడకుండా పోతుంది. విలోమ భ్రంశమైతే అదే ముక్క రెండుసార్లు వస్తుంది. లాగ్‌లో ఒకే ఆకారం రెండుసార్లు కనబడితే అనుమానించండి.

షేల్ అడుగు చేరకుండానే ఆగిపోయిన బోర్లు ఉంటాయి. వాటి అంకె ముందు "కనీసం" అని రాయండి. దాన్ని మామూలు అంకెలతో కలిపి సగటు తీస్తే మందం తగ్గిపోతుంది, తీసి పారేస్తే ఉన్న సమాచారం వృథా. షేల్ అసలు తగలని బోరుకు సున్నా వేసే ముందు కారణం తేల్చండి: అక్కడ ఏర్పడనే లేదా, ఏర్పడి కోతకు గురైందా, భ్రంశం మింగిందా. మూడింటికీ పటంలో సమరేఖలు మూడు రకాలుగా వంగుతాయి.

సగటు తీసేటప్పుడు బోర్లు గుంపుగా ఉన్న చోటును గమనించండి. మంచి షేల్ తగిలిన చోట మనుషులు మరిన్ని బోర్లు వేస్తారు, అది సహజం. దాంతో 10 బోర్లలో 6 ఒకే మూలన చేరి, సాదా సగటు ఆ మూలను పొగుడుతుంది. ప్రతి బోరు చుట్టూ దానికి దగ్గరైన నేలను బహుభుజిగా గీసి, ఆ వైశాల్యంతో తూకం వేయండి. బోర్లు తగినన్ని ఉంటే క్రిగింగ్ (బోర్ల మధ్య విలువలను అంచనా కట్టే గణాంక పద్ధతి) లాంటి పద్ధతులకు వెళ్లవచ్చు. నాలుగు బోర్లతో ఆ సాఫ్ట్‌వేర్ తెరిస్తే వచ్చేది రంగురంగుల బొమ్మ మాత్రమే.

పట్టికలో మన బోరు వరుస ఇలా ఉండాలి: లోతుకు మూలం రిగ్ వేదిక, షేల్ 413.2 – 454.1, బోరు వెంబడి మొత్తం 40.9, కటాఫ్ టన్నుకు 63 లీటర్లు, నికర పొడవు 23.5, ఎంచుకున్న పొర 419.0 – 440.1, అడ్డుపొర 1.2 కలుపుకుని 21.1, నిలువు మందం 21.1, అసలు మందం 19.8, వాలులో 3 డిగ్రీల తేడాకు 19.4 – 20.2, సగటు సారం 95, కోర్ నష్టం 438.6 – 441.6 మధ్య 0.6, సాంద్రత లాగ్‌తో నిర్ధారించింది. డ్రిల్లర్ రాసిన 43ను కూడా పక్క వరుసలో అలాగే ఉంచండి. రేపు ఎవరైనా ఆ పుస్తకం తెరిచి "43 కదా ఉండాల్సింది" అని అడిగినప్పుడు, ఏ మీటరు ఎక్కడ పోయిందో వేలు పెట్టి చూపించవచ్చు.